రజియా చూసిన ఊపిరి పరీక్ష

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో నేను విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ అధిపతిగా ఉన్నాను. తిరువూరు నుంచి వలీ అనే లారీ డ్రైవరును తీసుకొచ్చారు. మామిడికాయల లోడు ఎక్కిస్తుండగా తల పట్టుకుని కూలిపోయాడట. మెదడులో రక్తనాళం పగిలింది. రెండ్రోజులకు కనుపాపలు వెలుతురుకు స్పందించడం మానేశాయి.

బ్రెయిన్ డెత్ నిర్ధారించడానికి నలుగురు డాక్టర్ల బృందం ఉండాలి. కొన్ని గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించాలి. వాటిలో ఆఖరిది ఆప్నియా పరీక్ష: వెంటిలేటర్ తీసి, గొట్టంలోంచి ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, రోగి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడేమో చూస్తాం. మొదటిసారి వలీ తీసుకోలేదు.

ఆ మాట చెప్పగానే అతని అన్న బాజీ లేచాడు. "గుండె కొట్టుకుంటుంటే పోయాడంటారేంటండీ? కిడ్నీల కోసమేగా!"

పూర్తిగా కాదనలేకపోయాను. అవయవదానం గురించి అడగాలన్న ఉద్దేశం నాకుంది.

వలీ భార్య రజియా ఊళ్లో జాకెట్లు కుడుతుంది. "రెండోసారి నా కళ్లముందు చేయండి సార్. మా ఇమాం సాబ్ కూడా చూస్తారు" అంది. మా ఆసుపత్రివాళ్లు వద్దన్నారు. ఆమె ఐసీయూ తలుపు దగ్గరనుంచి కదల్లేదు. చివరికి నేనే ఒప్పుకున్నాను.

ఇమాం తిరువూరు బస్సులో వచ్చారు. వెంటిలేటర్ తీశాం. రజియా భర్త ఛాతీ మీద చెయ్యి వేసి నిలబడింది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగింది. అంత పెరిగితే ప్రాణమున్న మెదడు ఊపిరి లాగించి తీరుతుంది. ఆమె చేతికింద ఛాతీ కదల్లేదు. వెంటిలేటర్ మళ్లీ పెట్టాం.

బయటికొచ్చాక ఇమాం ఉన్నదున్నట్టు చెప్పారు. "మా ఉలేమా పండితుల్లో రెండు మాటలున్నాయమ్మా. మెదడు పోతే మనిషి పోయినట్టేనంటారు కొందరు. గుండె ఆగేదాకా కాదంటారు ఇంకొందరు. ఏది పాటించినా తప్పులేదు."

కిడ్నీలు ఎప్పటిదాకా పనికొస్తాయి, కళ్లు ఎప్పటిదాకా అని రజియా నన్నడిగింది. గుండె ఆగితే కిడ్నీలు ఇక్కడ తీసుకోలేమని, కంటి ముందుపొర మాత్రం కొన్ని గంటలు పనికొస్తుందని చెప్పాను.

"ఆయన పోయారని నాకు తెలిసింది. బావగారికి ఇంకా నమ్మకం కుదర్లేదు. గుండె ఆగేదాకా ఆగుదాం. కొత్త మందులేవీ ఎక్కించొద్దు. ఆగాక కళ్లు తీసుకోండి."

ఇమాం తల ఊపారు. కిడ్నీల గురించి నేను మళ్లీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుండె ఆగింది. కళ్లు తీసుకునేందుకు సాక్షి సంతకం బాజీయే పెట్టాడు.

మరణాన్ని నిర్ధారించడంతో మా పని అయిపోయిందని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రెండో పరీక్షకు ఇంటివాళ్లలో ఒకరిని లోపలికి పిలిచాను. అందరూ దానానికి ఒప్పుకోలేదు. మేమేదో దాస్తున్నామని మాత్రం మళ్లీ ఎవరూ అనలేదు.