కాలికి తెలిసే రాళ్లు

కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు నేను వార్డెన్‌గా ఉన్న రోజులవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయింది. ఆ ఏడు బెల్లంపల్లి నుంచి చూపులేని అమ్మాయి ఒకతె కాలేజీలో చేరి మా హాస్టల్‌కు వచ్చింది. తండ్రి బొగ్గుబావిలో పనిచేసేవాడు. పాఠం ఒక్కసారి వింటే చాలు, తిరిగి అప్పజెప్పేది. ఆమె గురించి నాకు బెంగేమీ ఉండేది కాదు.

నెల గడిచాక ఒకటి గమనించాను. భోజనాల దగ్గర ఆమె గ్లాసు ఎప్పుడూ నిండుగానే ఉండిపోయేది.

"నీళ్లు తాగుతలేవేంది బిడ్డా?"

"దూప అయితలేదమ్మా."

అంత ఎండలో దాహం వేయకపోవడమేమిటి? పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పింది.

"తాగితె బాత్రూముకు పోవాలె. ఎవరన్న తోల్కపోవాలె. దినాం ఎంతమందిని అడుగుత?"

బాత్రూములు పెరటి చివర ఉండేవి. ఒకసారి ఒంటరిగా వెళ్తే సగం తెరిచిన తలుపు నుదుటికి కొట్టుకుందట. ఆ దెబ్బకు పసుపు అద్దింది నేనే. ఎట్లా తగిలిందని మాత్రం అడగలేదు.

మర్నాడే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, ఆ పిల్ల ఒంటరిగా పోయేలా పెరటి దారి బాగుచేయించమన్నాను.

"ఒక్క పిల్ల కోసం గచ్చంతా పగలగొట్టాలా?" అన్నారాయన.

"ఆ ఒక్క పిల్లకే నీళ్లు బందయినయి సార్" అన్నాను. చివరికి సరే అన్నారు.

మేస్త్రి వచ్చేలోపు నాకు తోచినట్టు వరండా నుంచి బాత్రూముల దాకా తాడు కట్టించాను. వారం తిరక్కుండానే ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. "దాని మీద అందరు బట్టలు ఆరేస్తున్రమ్మా. పట్టుకుంటె ఎవరిదో తడిలంగ చేతులకొస్తుంది."

పనికి వచ్చిన మేస్త్రి అక్కడే ఉన్నాడు, యాభై దాటిన ముసల్మాను. "మరెట్ల జెయ్యాలె, నువ్వే చెప్పు బేటీ" అన్నాడు. నాకు ఆ మాట అడగాలనే తట్టలేదు.

ఆమె చెప్పులు విడిచి నేల మీద నిలబడింది. "నా కాలుకు తెల్వాలె. తలుపుదాక గరుకు రాయి ఎయ్యుండ్రి, అటిటు నున్నగుండాలె. తలుపు లోపటికి తెరుసుకోవాలె. బకిటె ఎప్పటికి ఒక్క తావుల్నే ఉండాలె."

మేస్త్రి ఉలితో రాళ్లకు గాట్లు పెట్టి వరసగా పరిచాడు. పనయ్యాక కండ్లకు తువ్వాల కట్టుకుని తానే నడిచి చూశాడు. స్నానాల గదికని బయలుదేరి మరుగుదొడ్డిలోకి పోయాడు. వరండాలో పిల్లలు నవ్వారు. ఆయన మాత్రం తువ్వాల విప్పి, మరుగుదొడ్డి తలుపు చట్రానికి చేతికందే ఎత్తులో మూడు గాట్లు చెక్కాడు.

మొదటిరోజు నేను ఆమె వెంట నడవబోతే, మేస్త్రి చేయి అడ్డం పెట్టాడు. గడియ వేసిన చప్పుడు, ఆ తర్వాత నీళ్ల చప్పుడు వినిపించాయి. కాసేపటికి తడిముఖంతో బయటికొచ్చింది.

"నీళ్ల గోలెం నిండి పొర్లిపోతుండెనమ్మా, నల్లా బంద్ జేసిన."

మేస్త్రి అటు తిరిగి తాపీ కడుక్కోసాగాడు. ఆ మధ్యాహ్నం భోజనంలో ఆమె రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

నాలుగు రోజులకు మేస్త్రి మళ్లీ వచ్చాడు. "జర మిగిలిన రాళ్లిస్తరా అమ్మా? మా అమ్మకు కండ్లల్ల పొరలొచ్చినయి. రెండేండ్ల సంది నా ఇల్లాలే పట్టుకొని తిప్పుతుంది. గీ బేటీ చెప్పేదాక ఇట్ల చెయ్యొచ్చని నాకు తెల్వలే."

ఆదివారం ఆ అమ్మాయీ నేనూ రిక్షాలో వాళ్లింటికి వెళ్లాం. రాళ్లు అప్పటికే పరిచి ఉన్నాయి. కోడలు అలవాటుగా అత్త చేయి పట్టుకోబోతే ఆ అమ్మాయి వద్దంది. ముసలామెకు ఎదురుగా రాళ్ల మీద నిలబడి, "నా మాట దిక్కు రా దాదీ" అంటూ ఒక్కో అడుగే వెనక్కి వేయసాగింది.