సుబ్బాయమ్మగారి మూడో మెంబ్రేన్

ఏలూరు దాటి ఆకివీడు వైపు బండి మీద పోతూ, ఆ ఉదయం నిరంజన్ ఎన్నిసార్లు జేబు తడుముకున్నాడో. జేబులో సెల్‌ఫోనుంది. అది మోగుతుందేమోనని ఒక భయం. ఇంకా మోగలేదేమిటా అని మరో భయం.

నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషన్లు బిగించడం, చెడితే బాగుచేయడం అతని పని. ఏలూరు ప్రసాదరావుగారి షాపు తరఫున కొల్లేటి ఊళ్లన్నీ అతనే తిరుగుతాడు. బోరు వేస్తే ఉప్పునీళ్లే పడే ఊళ్లవి. ఆ నీళ్లకి పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. వాటిని మిషన్‌లోకి పంపి తియ్యటి నీళ్లు తీసి చూపిస్తుంటే మొదట్లో వీధంతా వచ్చి గుమ్మంలో నిలబడేది. "బైబిల్లో మోషేగారి ఉద్యోగమండీ మీది, చేదు నీళ్లు తీపి చేయడం" అని భార్య పెర్సిస్ ఎగతాళి చేసేది కూడా.

ఇప్పుడా ఉద్యోగానికే ఎసరొచ్చింది.

కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊళ్లో వీరాస్వామిగారని ఉన్నారు. ఆయనకి కిడ్నీలో రాళ్లు తీశాక, బోరు నీళ్లు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అందుకని ఆయన భార్య సుబ్బాయమ్మగారు పట్టుబట్టి మిషన్ పెట్టించారు. ఉప్పుని అవతలే ఆపేసే చుట్ట ఒకటుంటుంది అందులో, మెంబ్రేన్ అంటారు. మిషన్‌కి అదే గుండెకాయ. మామూలుగా రెండేళ్లు ఢోకా ఉండదు. ఈ ఇంట్లో ఏడాది తిరక్కుండా రెండు పోయాయి. గ్యారంటీ ఉంది గనక షాపువాళ్లే మార్చారు. మూడోది పెట్టి నెలైనా కాలేదు, నిన్న మళ్లీ సుబ్బాయమ్మగారి ఫోను. ధార సన్నబడిందట.

"ఏవయ్యా, మొదటిసారి నీళ్లు గట్టివన్నావు," అన్నారు ప్రసాదరావుగారు, కళ్లద్దాల మీదుగా చూస్తూ. "గార పట్టకుండా మందు గొట్టం ఇచ్చాను. ఇప్పుడేమంటావు? కంపెనీవాళ్లకి నేనేం చెప్పుకోను? కారణం కనుక్కోలేకపోతే నీకు బిగించడం రాదనే అర్థం. వేరే పని చూసుకో."

ఇంటికెళ్లి పెర్సిస్‌కి ఆ మాట చెప్పలేదు. అన్నం సహించట్లేదంటే ఎండ అనుకుంది.

సుబ్బాయమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "రా బాబూ. మీ మిషను ఏడుస్తోంది చూడు, ఒక్కో చుక్కే."

"గ్లాసు నిండేసరికి నాకు దాహమే పోతోందయ్యా," అన్నారు వీరాస్వామిగారు మంచం మీంచి. "నా చేపల చెరువు గట్లు కొట్టేసిన గవర్నమెంటోళ్లు కూడా ఇంత ఏడిపించలేదు."

"ఆయన మాటలకేంగానీ," ఆవిడ గొంతు తగ్గించారు. "రాత్రి బోరు నీళ్లు తాగేశారు. నేను చూళ్లేదనుకున్నారు."

నిరంజన్‌కి ఇప్పటిదాకా తన ఉద్యోగమే కళ్లముందుంది. ఈ మనిషికి మళ్లీ నొప్పొస్తే?

మిషన్ విప్పాడు. మెంబ్రేన్‌కి ముందు మట్టిని వడగట్టే తెల్ల క్యాండిల్ బయటికి తీశాడు. వెనకటి రెండుసార్లూ హడావిడిలో దాన్ని తీసి పారేసి కొత్తది పెట్టాడు, ఉప్పునీళ్లేగా అని. ఈసారి వేలితో రుద్ది చూశాడు. ఉప్పు గారైతే గోటికి గరుగ్గా తగలాలి, పెచ్చుగా లేవాలి. ఇది గంజిలా జారుతోంది. బోరు నీళ్లలో ఇదెక్కణ్ణించి వచ్చింది?

పానా పక్కన పెట్టి నేల మీద చతికిలబడ్డాడు.

"పిన్నిగారూ, బోరు దగ్గర్నుంచి ఈ కుళాయి దాకా నీళ్లెలా వస్తాయో కాస్త చెప్పండి."

"ఎలా వస్తాయేంటి? మోటారు పైకెక్కిస్తుంది. ట్యాంకులో నిలవుంటే పచ్చబడతాయి కదా, పొద్దున్నే ఎక్కి తిప్పొస్తాను."

"ఏం తిప్పొస్తారండీ?"

"పటిక."

కొల్లేటి నీళ్లు కుండకెత్తి, పటిక ముక్క చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్లు వంచుకోవడం ఆ లంకల్లో పుట్టినవాళ్లకి చిన్నప్పటి అలవాటు. కుండకి ఒక ముక్క చాలు. ట్యాంకుకి చాలదని సుబ్బాయమ్మగారు కొబ్బరికాయంత పటిక గుడ్డలో మూటగట్టి, తాడుతో ట్యాంకులోకే దింపేశారు.

"నువ్వే కదా బాబూ అన్నావు, మురికి నీళ్లు తగిలితే మిషన్ పాడవుద్దని? మనుషులకైతే తేర్చి పోస్తాం, పాపం దానికి మాత్రం పచ్చనీళ్లెలా పోయను?"

అన్నాడు. నిజమే. మిషన్ బిగించిన ప్రతి ఇంట్లోనూ అదే మాట అన్నాడు.

మెట్లెక్కి మేడ మీదికెళ్లి తాడు లాగాడు. మూట సగం కరిగిపోయి, చేతికి జిగురుగా తగిలింది. ఆ కరిగిందంతా పోయి మెంబ్రేన్‌కి అట్ట కట్టింది. కారణం దొరికింది. కానీ ఇంటివాళ్లు నీళ్లలో ఏదన్నా కలిపితే గ్యారంటీ చెల్లదు. చెబితే సుబ్బాయమ్మగారి నెత్తిన పడుతుంది. చెప్పకపోతే తన నెత్తిన.

జేబులో ఫోను మోగింది, ప్రసాదరావుగారు.

"సార్, ట్యాంకులో పటికుందండీ."

"హమ్మయ్య! తప్పు వాళ్లదే అన్నమాట. మెంబ్రేన్ వాళ్లనే కొనుక్కోమను."

నిరంజన్ మూట పిట్టగోడ మీద పెట్టాడు. "కాదండీ. తేట నీళ్లు పోయమన్నది నేను. పటిక వద్దని చెప్పనిదీ నేనే. ఇన్నిసార్లొచ్చి ఒక్కసారన్నా ఈ మెట్లెక్కలేదండీ."



"ఆ తేట నీళ్ల మాట ఇంకెవరికి చెప్పావయ్యా?"

నిరంజన్ తలెత్తి చూశాడు. పక్క మేడ మీద ట్యాంకు. మూత సందులోంచి తాడు. ఆ పక్కదానికీ తాడు. ఈ ఇల్లు చూసి మొన్నీమధ్యే మిషన్లు పెట్టించుకున్న వీధి అది.

"వీధంతా చెప్పానండీ."

"ఓరి నాయనో! వీరాస్వామిగారికి నీ సంచిలో ఉన్న కొత్త మెంబ్రేన్ బిగించు, దాని సంగతి కంపెనీతో నే చూస్తాను. కానీ ఆ మూటలన్నీ ఇవాళే తీయించాలి. ఇంకొక్క మెంబ్రేన్ పోయిందా, నువ్వు షాపు మెట్లెక్కక్కర్లేదు."

వెనక్కి తిరిగితే మెట్ల దగ్గర సుబ్బాయమ్మగారు. అంతా విన్నట్టున్నారు. మొహం చిన్నబోయి ఉంది.

"నీ అన్నం మీదికి తెచ్చానా బాబూ?"

"అలా అనకండి పిన్నిగారూ. కానీ వాళ్లందరితో పటిక మాన్పించాలి. నేను చెబితే వింటారంటారా?"

"నువ్వు చెబితే వినరు. అమ్మమ్మల నాటి అలవాటది." ఆవిడ చెంగు నడుముకి దోపి పిట్టగోడ దగ్గరికి నడిచారు. "ట్యాంకులో వెయ్యమని నేర్పింది నేనేగా, నేనే తీయిస్తాను. ఒసే రత్నకుమారీ! పటిక మూట పైకి లాగెయ్యవే, మిషన్లు చచ్చిపోతున్నాయంట!"

పక్క మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ నవ్వింది. "ఊరుకో వదినా! నీ మిషను నీరసంగా ఉందన్నావని, ఇవాళ నా ట్యాంకులో కొత్త ముక్క కూడా కట్టాను!"

నిరంజన్ ఆవిడ మిషన్ ఆపడానికి మెట్లు దిగడం మొదలుపెట్టాడు, రెండేసి చొప్పున.