నాలుగు జ్వరాలు, ఇద్దరు రిఫరీలు

ఆ రోజుల్లో పోస్టులో పంపిన కాగితం తిరిగొస్తే ఊరంతటికీ తెలిసేది. నా పట్టుపురుగుల వ్యాసం సైన్సు పత్రిక నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. మొదట తొంభై ఏడు రోజులకు, తర్వాత నూట పన్నెండు రోజులకు. మొత్తం రెండువందల తొమ్మిది. (డైరీ ఉంది, కావలసినవారు కూడి చూసుకోవచ్చు.)

అరవైల మొదట్లో చింతామణి దగ్గర పట్టుపురుగులు పెంచే క్షేత్రంలో కొత్తగా చేరాను. పురుగులకు జ్వరం వచ్చినప్పుడు ఆకు ఆపి, అన్నీ లేచాకే వేస్తే గూళ్ళు ఒకే తీరుగా వస్తాయని ఐదువందల పురుగుల మీద లెక్కకట్టి ఇంగ్లీషులో రాశాను. మార్చిలోగా అచ్చయితే ప్రయోగాలు నాకే. లేకుంటే చిక్కబళ్ళాపురం కచేరిలో టైపు మిషను ముందు కూర్చోవాలని మా క్షేత్రం సాహేబు తేల్చి చెప్పాడు.

వ్యాసం పనికొస్తుందో లేదో చెప్పేది ఇద్దరు రిఫరీలు. మొదటిసారి ఒకాయన "జబ్బు పురుగులకు మందెందుకు వేయలేదు?" అన్నాడు. అవసరం లేదని వినయంగా జవాబిచ్చాను. ఈసారి రెండో ఆయన ఎర్రసిరాతో "నాలుగుసార్లు జ్వరమొచ్చి ఒక్కటీ చావలేదా? లెక్కలు నమ్మేలా లేవు" అని రాశాడు. నా లెక్కలు! ఆ కాగితం పట్టుకునే పురుగుల గదిలోకి వెళ్ళాను.

తట్టలు శుభ్రం చేసే జంగమకోటె పెద్దమ్మ నా మొహం చూసింది.

"ఏమ్మా, మల్లా వచ్చేసెనా కాగితం?"

"రిఫరీ ఒప్పుకోలేదు పెద్దమ్మా."

"రిఫరీ అంటే కబడ్డీలో ఈల ఊదేటోడు గదా? ఆయప్పకి పురుగుల్తో ఏం పని?"

"జ్వరానికి మందు ఏంటికి వెయ్యలేదని ఒకాయన, ఒక్కటీ చావలేదా అని ఇంకొకాయన అడుగుతాండారు."

"పొర విడిచేదానికి మందేందమ్మా!" పెద్దమ్మ తట్ట దించి మరీ నవ్వింది. "దాన్ని మనం జ్వరమంటామని ఆయప్పకి చెప్పినావా?"

చెప్పలేదు. కుబుసం విడవడమని కాలేజీలో చదివీ, కలం పట్టేసరికి ఇంటి మాటే వచ్చి 'ఫీవర్' అని (పందొమ్మిది చోట్ల) రాశాను.

ఆ మధ్యాహ్నమే నాలుగో జ్వరం దిగిన తట్టలోంచి ఇరవై పొరలు ఏరి కాగితానికి అంటించి, "జ్వరమంటే ఇదే. రోగులందరూ క్షేమం" అని రాసి పంపాను. పద్దెనిమిదో రోజుకు జవాబొచ్చింది: అచ్చువేస్తున్నాం. కింద ఎర్రసిరాతో "లెక్కలు సరిగ్గా ఉన్నాయి." సాహేబు రెండుసార్లు చదివి, "టైపు మిషనుకు ఇంకెవర్నన్నా చూస్తాలేమ్మా" అన్నాడు.

"ఊదినాడా ఈల?" అంది పెద్దమ్మ.

"ఊదినాడు. మనమే గెలిచినాము."

ఇరవై ఏళ్ళకు నేనూ రిఫరీనయ్యాను. ఎక్కడి అమ్మాయో తన పురుగులు 'ఉపవాసం' ఉన్నాయని రాసింది. ఎర్రసిరాతో "అర్థం లేదు" అని రాసేశాను. తర్వాత కొట్టేసి, "మీ ఊళ్ళో ఉపవాసమంటే ఏమిటి? పొరలేమైనా ఉంటే పంపండి" అని రాశాను.

పంపింది. ఇరవై ఒకటి. నాకంటే ఒకటి ఎక్కువ.