మా కాలేజీ నూతిలో ఏ ఊరి నీళ్ళు?

2001 జూలైలో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్ర విభాగాధిపతిని. అధిపతి అనేది పెద్ద మాట. నా ఏలుబడిలో ఇద్దరు లెక్చరర్లు, ఒక అటెండరు, ఎంత బిగించినా కారే మూడు కుళాయిలు ఉండేవి. ఆ నెలలో విశ్వవిద్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. అక్కడ డాక్టరేట్ చేస్తున్న విదేశీ విద్యార్థులు ఒక్కో టర్ము అనుబంధ కళాశాలల్లో ప్రాక్టికల్స్ చెప్పాలి. కాలేజీవాళ్ళు ఫైనలియర్‌లో చురుకైనవాళ్ళను కొందరిని ‘ట్యూటర్లు’గా ఎంచి జూనియర్లకు తోడుగా పెట్టాలి. వచ్చినాయన ట్యూటర్లకు ప్రయోగశాల పద్ధతి నేర్పాలి, ట్యూటర్లు ఆయనకు ఇక్కడి తరగతి తీరు నేర్పాలి. దీని పేరు ‘పరస్పర మార్గదర్శనం’. శిష్యుడి దగ్గర గురువు నేర్చుకోవడమనే మాట మా గోడల మధ్య వినబడటం అదే మొదలు. కాగితం మీది మాట కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు.

మా కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ నడిపే పెద్దమనిషి, ‘విదేశీ’ అన్న ఒక్క మాట చదివి గేటుకు బ్యానరు కట్టించారు. బంతిపూల దండ, కొబ్బరిబొండాలు, ఫొటోగ్రాఫరు. బస్సు దిగినవాడు ఇథియోపియా మనిషి. పేరు తెస్ఫాయె, ముప్పై ఏళ్ళుంటాయి, పొడగరి, నల్లటివాడు, కాస్త తెలుగు వచ్చు. కరస్పాండెంట్ గారి లెక్కలో విదేశమంటే తెలుపు. ఆయన దండ పట్టుకుని బస్సులోంచి ఇంకెవరైనా దిగుతారేమోనని కాసేపు చూశారు. తరువాత దండ ప్రిన్సిపాల్ చేతికిచ్చి, “మీరు వేసెయ్యండి, నాకు భుజం నొప్పిగా ఉంది” అన్నారు. గల్ఫులో మావాళ్ళను చిన్నచూపు చూశారని ఇంటికో కథ చెప్పుకునే ఊరు మాది. ఆ రోజు ఆ కథ ఎవరికీ గుర్తు రాలేదు.

ట్యూటర్లలో ముందు నిలిచిన అమ్మాయి సత్యవేణి. ముమ్మిడివరం దగ్గర ఊరు, తండ్రికి నాటు పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగలో చేపల వేట. ఆమె తెస్ఫాయెకు నేర్పిన మొదటి పాఠం నేను వరండాలో నిలబడి విన్నాను.

“సార్, మీరు క్లాసులో ‘అర్థమైందా’ అని అడక్కండి.”

“ఎందుకు?”

“అందరూ ‘ఆయ్’ అంటారండీ. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. పెద్దవారు అడిగేక కాదంటే బాగోదు కదండీ.”

“మరి ఎలా తెలుసుకోవాలి?”

“ఇప్పుడు నువ్వు పక్కవాడికి చెప్పు అనండి. అప్పుడు తెలుస్తాది.”

ఇరవై రెండేళ్ళు ఆ ‘ఆయ్’ల మీద నిశ్చింతగా నిద్రపోయినవాణ్ణి నేను. ఆ అమ్మాయి ఒక పూటలో అతనికి చెప్పిన సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు గనక.

బదులుగా అతను వాళ్ళకు నేర్పింది చాలా చిన్న విషయం. చూసిందే రాయాలి, సిరాతోనే రాయాలి, తప్పయితే ఒక గీత కొట్టాలి గాని చెరపకూడదు. మొదటి రోజే రబ్బర్లన్నీ పోగుచేయించి ఒక బీకరులో వేయించాడు.

ఇక్కడ మా ప్రయోగశాల సంప్రదాయం చెప్పాలి. ప్రతి ప్రయోగానికీ ఒక ‘మోడల్ రికార్డు’ ఉండేది. అట్ట ఊడిపోయి, పసుపుపచ్చగా మారిన లాంగ్ నోటుబుక్కు. దాని పీఠాధిపతి అటెండరు సూర్రావు. పిల్లలు ముందు అందులోంచి రీడింగు రాసుకుని, తరువాత ఆ రీడింగు వచ్చేదాకా బ్యూరెట్ తిప్పేవారు. కొందరు అదీ తిప్పేవారు కాదు. నీటి కఠినత్వం కనుక్కునే ప్రయోగం ఉంది. ఇరవై మిల్లీలీటర్ల నూతి నీళ్ళు పిపెట్‌తో ఫ్లాస్కులోకి తీసుకుని, బఫర్ ద్రావణం, రెండు చుక్కల సూచిక వేసి, బ్యూరెట్‌లోంచి ఇ.డి.టి.ఎ. ద్రావణం వదలాలి. ద్రాక్షరంగు పోయి నీలం వచ్చిన చోట ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడాలి. మా కాలేజీ నూతికి అది తొమ్మిది పాయింట్ రెండు. ఎండాకాలమైనా, వరదొచ్చినా, చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులైనా, తొమ్మిది పాయింట్ రెండే. అంత నిలకడ భూమ్మీద ఇంకే నీటికీ ఉండదు.

ఆగస్టులో తెస్ఫాయె ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టించి సెకండియర్ వాళ్ళతో నిజంగా ప్రయోగం చేయించాడు. పద్నాలుగు పాయింట్ ఆరు వచ్చింది. మళ్ళీ చేయించాడు. ట్యూటర్లు విడిగా చేశారు. బ్యూరెట్లు మార్చారు, ద్రావణం కొత్తగా కలిపారు. అటూ ఇటూ ఒక చుక్క తేడాతో అదే అంకె.

పిల్లలు హడలిపోయారు. మార్చిలో బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. విభాగం ఇచ్చిన విలువతో పోల్చి మార్కులేస్తాడు. ఆ విలువ ఇచ్చేది నేను, తీసేది మోడల్ రికార్డులోంచి. ముగ్గురు తండ్రులు కరస్పాండెంట్ గారి దగ్గరకు వెళ్ళారు. సూర్రావు వాళ్ళ వెనకాలే వెళ్ళి, “పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయించేడండి” అని కళ్ళొత్తుకున్నాడట.

కరస్పాండెంట్ గారు నన్ను పిలిచారు.

“ఏవండీ మేష్టారూ, ఇన్నేళ్ళూ తొమ్మిదొచ్చిన నీళ్ళు ఈయన చెయ్యి పడగానే పద్నాలుగు దాటేయంటండి. నీళ్ళు తప్పా, చెయ్యి తప్పా?”

జవాబు కోసం ఆయన ఆగలేదు. టర్ము చివర విశ్వవిద్యాలయానికి పంపాల్సిన ఫారం నా ముందుకు తోశారు. అందులో రెండు గళ్ళు: సంతృప్తికరం, అసంతృప్తికరం. రెండో దాంట్లో టిక్కు పెట్టి సోమవారానికి ఇమ్మన్నారు. ఆ టిక్కు పడితే తెస్ఫాయె ఫెలోషిప్ పొడిగించరు. ఫెలోషిప్ లేకపోతే మూడేళ్ళ పరిశోధన సగంలో వదిలి అతను దేశం వెళ్ళిపోవాలి. ఆ సంగతి కరస్పాండెంట్ గారికీ తెలుసు. “వాళ్ళ దేశానికి వాళ్ళు వెళ్ళడానికి ఏం బాధండీ?” అన్నారు.

నేను ఫారం ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు ముట్టుకోలేదు. నా గురించి ఒక మాట చెప్పాలి. ఆదివారాలు రాజోలు, కొత్తపేట, పి.గన్నవరం సెంటర్లలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపేవాణ్ణి, గాలిలోంచి విభూతి తీసి చూపేవాణ్ణి. “నువ్వు చూశావా? నువ్వు పరీక్షించావా? మీ తాత చెప్పాడంటే మీ తాత చూశాడా?” అని మైకులో గర్జించేవాణ్ణి. చప్పట్లు బాగా పడేవి.

శనివారం మధ్యాహ్నం సత్యవేణి స్టాఫ్‌రూముకు వచ్చింది. చేతిలో మోడల్ రికార్డు. సూర్రావు దగ్గర ఎలా సంపాదించిందో అడగలేదు.

“మేష్టారండీ, ఈ తొమ్మిది పాయింట్ రెండు ఎవరు తీసేరండీ?”

“నేనే. డెమాన్‌స్ట్రేటరుగా చేరిన ఏడు.”

“మన నూతి నీళ్ళతోనే తీసేరాండీ?”

ఆ ప్రశ్నకు నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. 1979లో నేను చేరేటప్పటికి బఫర్‌కు కావలసిన రసాయనం ఇంకా రాలేదు. తనిఖీ కమిటీ వస్తోంది, రికార్డు నిండాలి. నేను చదువుకున్న కాకినాడ కాలేజీలో కుళాయి నీళ్ళతో తీసిన రీడింగు నా పాత నోటుబుక్కులో ఉంది. అది ఎత్తి ఇందులో రాశాను. రసాయనం రాగానే మళ్ళీ చేద్దామనుకున్నాను. రసాయనం వచ్చింది. నాకు ప్రమోషన్ కూడా వచ్చింది.

ఆ అమ్మాయి నా మొహం చూసి నేలచూపులు చూసింది. తరువాత అంది: “ముమ్మిడివరంలో మీ మీటింగుకి మా నాన్న నన్ను తీసుకొచ్చేడండీ. ‘మీ తాత చూశాడా’ అన్నారు కదండీ. నేను ఇంటికెళ్ళి ఆ మాటే అడిగేసి మా నాయనమ్మ చేత తిట్లు తిన్నానండీ.”

ఆమె గొంతులో ఎగతాళి లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది.

సోమవారం కరస్పాండెంట్ గారి గదిలో, ప్రిన్సిపాల్ ఎదుట, ఉన్నదున్నట్టు చెప్పాను. తెస్ఫాయె రీడింగే సరైనదనీ, నాది అసలు మా నూతిదే కాదనీ. మొదటి గడిలో టిక్కు పెట్టి సంతకం చేసిన ఫారం బల్ల మీద పెట్టాను. కరస్పాండెంట్ గారు వేళ్ళ మీద లెక్క వేసుకుని అడిగారు:

“అయితే ఇన్నేళ్ళూ మన నూతిలో ఉన్నవి కాకినాడ నీళ్ళాండీ?”

“రికార్డు ప్రకారం అంతేనండీ.”

“ఇది మన నలుగురిలోనే ఉండాలండీ” అన్నారు, గదిలో మేం ముగ్గురమే ఉన్నా. నాలుగోవాడు ఆయన వెనక గోడమీద ఫొటోలో ఉన్న దేవుడై ఉండాలి. ఫారం వెళ్ళింది. ఎగ్జామినర్‌కు కొత్త విలువ నేనే రాసి పంపాను, కారణంతో సహా. మరుసటేడు విభాగాధిపతి పదవి నాకన్నా జూనియరుకు దక్కింది. దాని మీద నేను ఫిర్యాదు చేయలేదు. ఏ గడిలో టిక్కు పెట్టమనాలి?

తెస్ఫాయె ఫెలోషిప్ నిలిచింది. వెళ్ళేరోజు ట్యూటర్లతో పాటు బస్టాండుకు వెళ్ళాను. బస్సు కదిలేలోగా అతను ఇంగ్లీషులో ఒక మాట చెప్పాడు: తప్పు రీడింగు కన్నా అసలు తీయకుండా రాసిన రీడింగు ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని సరిదిద్దడానికి ఎవరూ వెనక్కి వెళ్ళలేరు. తరువాత తెలుగులో, “అర్థమైందా అండీ?” అన్నాడు.

“ఆయ్” అన్నాను.

సత్యవేణి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “అయితే పక్కవాళ్ళకి చెప్పండి” అన్నాడు తెస్ఫాయె. యాభైకి దగ్గర పడ్డవాణ్ణి, బస్టాండులో బొండాల బండి పక్కన నిలబడి, నా శిష్యురాలికి ఆ మాట అప్పజెప్పాను. అర్థమైందని అప్పుడు రుజువైంది. మా నూతి నీళ్ళు ఆ ఇరవై రెండేళ్ళలో రొయ్యల చెరువుల వల్ల మారాయో, మొదటినుంచీ అంతేనో ఇక తేల్చడానికి దారి లేదు. దేవుడికి కూడా తెలియదు, ఆయనంటూ ఉన్నా.

మరుసటి జూన్‌లో ప్రయోగశాలకు వెళితే బల్ల మీద కొత్త మోడల్ రికార్డు ఉంది. సూర్రావు సొంత శ్రద్ధతో లామినేషన్ చేయించాడు. పద్నాలుగు పాయింట్ ఆరు. పక్కన ఎర్రసిరాతో ‘విదేశీ సారు తీసినది’. పిల్లలు వరసగా నిలబడి తమ రికార్డుల్లోకి ఎక్కించుకుంటున్నారు.

ఆ ఏడు నుంచి రిటైరయ్యేదాకా, నా బ్యాచిలో ప్రతి విద్యార్థీ తన ఇంటి నీళ్ళు సీసాలో తెచ్చుకోవాలని పెట్టాను. ఎవరి అంకె వారిది, కాబట్టి ఎక్కించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పుస్తకాన్ని మార్చినంత మాత్రాన పారాయణం ఆగదని నాకు నేర్పింది ఆ లామినేషన్. పారాయణానికి వీలులేని పని పెడితేనే ఆగుతుంది. ‘అర్థమైందా’ అని నేను ఆ తరువాత ఏ తరగతిలోనూ అడగలేదు.