బోణీ చెయ్యి

అమెరికాలో, కొలంబస్ పక్కన హిలియర్డ్‌లో ఏ తెలుగు ఇంట్లో మంచి పని మొదలుపెట్టినా ముందు కృష్ణకుమారికి ఫోన్ వచ్చేది. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. ఆవకాయ కలిపితే మొదటి గుప్పెడు కారం ఆవిడే వెయ్యాలి. పెరట్లో టమాటా నారు తెస్తే మొదటి మొక్క ఆవిడే నాటాలి. పైకి "చాల్లెండి సంబడం" అనేది గానీ, పిలవని ఇల్లేదో మనసులో బాగానే గుర్తుపెట్టుకునేది.

భర్త పద్మనాభానికి రోడ్డు మలుపులో చిన్న షాపుంది. పాలు, బ్రెడ్డు, బీరు, సిగరెట్లు అమ్ముతారు. పగలంతా కౌంటర్ దగ్గర ఆవిడే. రెండేళ్ల కిందట పాల ఫ్రిజ్ పక్కకి, ఆటల మీద పందేలు కాసే బెట్టింగ్ మెషిన్ వచ్చి చేరింది. తెచ్చిపెట్టిన కంపెనీ మనిషి టై సర్దుకుంటూ, దీని మీద వచ్చే టాక్స్ బడిపిల్లల ఆటలకే పోతుందని, ఇదీ ఒకరకంగా సమాజసేవేనని చెప్పి వెళ్లాడు. తండ్రుల జేబులు ఖాళీ చేసి పిల్లలకు బంతులు కొనిపెట్టడం ఏం సేవో ఆవిడకు అంతుపట్టలేదు.

ఆ మెషిన్ అంటే మొదటిరోజు నుంచే ఆవిడకు రోత. దాని ముందు నిలబడ్డ మగవాళ్ల మొహాలంటే ఇంకా రోత. గుడ్ల ధర అర డాలరు పెరిగిందని ఆవిడతో వాదించినవాడే అందులో యాభై డాలర్లు కుక్కి ఈల వేసుకుంటూ పోయేవాడు. పాలకని వచ్చినవాడు పాలు మరిచిపోయేవాడు. సాయంత్రం ఆ తెర తుడవాల్సింది మాత్రం ఆవిడే. వేళ్ల జిడ్డు, చిప్స్ పొడి, ఒక్కోసారి ముద్దుల మరకలు కూడా! గ్లవుజులు లేనిదే ముట్టుకునేది కాదు.

అలాంటి మనిషిని, షాపుకు తరచూ వచ్చే కుర్రాడు కృష్ణమోహన్ ఒక శనివారం దాని దగ్గరికి లాక్కెళ్లాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు.

"ఆంటీ, సరదాగా పెడుతున్నా. బోణీ మీ చేత్తో చెయ్యండి. ఆ పచ్చ బటన్, అంతే."

ఆవిడ నవ్వేసి నొక్కింది. మర్నాడు అతను కాజూ కత్లీ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇరవై డాలర్లు పెడితే మూడొందలు వచ్చాయట. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుంది. బాగుంది కూడా.

అంతే, కబురు పాకింది. శనివారాలు కుర్రాళ్లు కార్లేసుకుని వచ్చేవారు, "ఆంటీ బోణీ" అంటూ. కుళ్లు మొహాలని తిట్టుకుంటూనే ఆవిడ లేచి వెళ్లేది. మొహమాటం కొంత, పొంగు కొంత. బీరు అమ్మకం పెరిగిందని పద్మనాభం ఆనందించాడు. కృష్ణమోహన్ అయితే వారం తప్పేవాడు కాదు. తక్కిన రోజుల్లో ఫోన్లో కూడా ఆడుతున్నాడని ఆవిడకు తర్వాత తెలిసింది.

మార్చిలో అతని భార్య గీతాంజలి షాపుకు వచ్చింది. ఏమీ కొనలేదు. కౌంటర్ అంచు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, ఇంటి డౌన్ పేమెంట్‌కి దాచినదంతా పోయింది. నాకు మొన్న తెలిసింది. పైగా టాక్స్ వేరే కట్టాలంట."

"పోయిన డబ్బుకి టాక్సేమిటమ్మా?"

"ఏడాదంతా గెలిచినవన్నీ ఇన్‌కమ్ అంట. పోయినవి తీసేసుకోవాలంటే వేరే పద్ధతంట, మాకు అది వర్కౌట్ అవ్వదని టాక్సులు చూసే సీపీఏ చెప్పాడు. చేతిలో పైసా లేదు, టాక్స్ మాత్రం ఉంది." గీతాంజలి చెయ్యి ఖాళీ మెడ మీదికి పోయింది. "ఈ శనివారం కాలేజీ బాస్కెట్‌బాల్ మీద పెద్దది పెడితే టాక్స్ డబ్బులు వచ్చేస్తాయంటున్నాడు. మిగిలిన నా గొలుసు కూడా అమ్మేశాడు. మీరు నొక్కనంటే మానేస్తాడు ఆంటీ. మీ చెయ్యి లేకుండా అంత పెద్దది పెట్టడు."

"నొక్కను. నా మీద ఒట్టు," అంది కృష్ణకుమారి. ఆ రాత్రి అన్నం కలుపుకోబోతే తన వేళ్లు చూసి తనకే అసహ్యమేసింది.

శనివారం కృష్ణమోహన్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మెషిన్లో డబ్బు కుక్కి, పందెం అంతా నింపి, ఆవిణ్ణి పిలిచాడు.

"లేవను బాబూ. నా చేతిలో ఏమీ లేదు. నేను నొక్కాక పోయినవెన్నో నీకు తెలీదా?"

"అవి మీ తప్పు కాదాంటీ. నా సెలెక్షన్ తప్పు. గెలిచినవి మాత్రం మీ చేతివే."

ఆవిడకు ఒళ్లు మండింది. "భేషుగ్గా ఉంది! గెలిచినవే లెక్క, పోయినవి లెక్కలోకి రావు. గవర్నమెంటూ నువ్వూ ఒకే బడిలో చదివారా ఏం? ఇంటికి పో. పెళ్లాం మెడ చూడు."

"ఏమోయ్, పాపం అడుగుతున్నాడు, పోనీ నొక్కరాదూ," అన్నాడు పద్మనాభం ఫ్రిజ్‌లో బీరు సీసాలు సర్దుతూ.

"మీరు నోరు ముయ్యండి," అని భర్త మీదికి తిరిగింది కృష్ణకుమారి. ఆ తిరగడంలో కౌంటర్ దాటి రెండడుగులు వేసింది. కృష్ణమోహన్ చటుక్కున ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. తల్లి వయసు మనిషని కూడా చూడలేదు. ఈడ్చుకెళ్లి ఆవిడ అరచెయ్యి తెర మీద అదిమాడు. మెషిన్ కిణీమంది, చీటీ బయటికొచ్చింది. "సారీ ఆంటీ, సారీ," అంటూనే చీటీ కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి కృష్ణకుమారి అరచెయ్యి సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. దేవుడి ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి, తన చెయ్యి పడ్డది నాశనమైపోవాలని దండం పెట్టుకుంది. గొలుసు ఎలాగూ పోయింది, ఈ దెబ్బతో మనిషైనా మిగులుతాడు.

అతను గెలిచాడు.

ఆదివారం మధ్యాహ్నం షాపు నిండిపోయింది. కృష్ణమోహన్ అందరికంటే ముందు, ఈసారి రెండు డబ్బాల స్వీట్లతో. "ఇష్టం లేకుండా నొక్కితేనే ఇంత వచ్చిందాంటీ!"

"టాక్స్ కట్టావా? గొలుసు తెచ్చావా?"

"ఏప్రిల్ దాకా టైముందిగా ఆంటీ. ఈ ఒక్క రౌండూ ఆడితే అన్నీ తీరిపోతాయి."

ఆవిడ మెషిన్ వెనక్కి వెళ్లి, గోడలోంచి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. పద్మనాభం "కుమారీ!" అని అరిచాడు. ఆవిడ వైరు చేతికి చుట్టుకుని గుంపు వైపు తిరిగింది.

"పోండి, అందరూ పోండి. ఇక్కడ ఇంకేమీ లేదు."

ఎవరూ కదల్లేదు. కోపగించుకోలేదు కూడా.

"పర్లేదాంటీ," అన్నాడు ఎవరో. "జస్ట్ టచ్ చెయ్యండి, చాలు."

ఒక్కొక్కరే జేబుల్లోంచి ఫోన్లు తీసి ఆవిడ ముందుకు చాచారు. అన్నిటికంటే దగ్గరగా, దాదాపు ఆవిడ గుండెకు ఆనుకుని ఉన్నది కృష్ణమోహన్ ఫోను.