గడ్డి వారం

భాగ్య పనిచేసే కిండర్‌గార్టెన్ తార్నాకలో ఒక మేడ కింది అంతస్తులో ఉంటుంది. పై అంతస్తులో బడి యజమానురాలు శ్యామలాంబగారు ఉంటారు. ఆమెది గుంటూరు వైపు. హైదరాబాదులో ముప్ఫై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, రిటైరయ్యాక ఈ బడి పెట్టారు. యూకేజీలో పద్దెనిమిది మంది పిల్లలు. భాగ్య వాళ్ల టీచరు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి. లాలాపేట్‌లో రెండు గదుల ఇంట్లో తల్లి సారలమ్మతో ఉంటుంది.

బడి నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచి వెళ్లొచ్చు. భాగ్య మాత్రం నాలుగేళ్లుగా అటు అడుగు పెట్టలేదు. క్యాంపస్ లోపలినుంచి వెళ్లే బస్సు ఖాళీగా వచ్చినా వదిలేసి, వెనక వచ్చే కిక్కిరిసిన బస్సు ఎక్కేది.

ఆ క్యాంపస్‌లో ఆమె పదకొండేళ్లు బతికింది. జనగామ దగ్గరి పల్లె నుంచి ఎమ్మెస్సీ బోటనీకి వచ్చి, అక్కడే పీహెచ్‌డీ చేసింది. గడ్డి జాతుల మీద. పట్టా వచ్చిన రోజు సారలమ్మ ఫోన్లో చాలాసేపు నవ్వింది. “నేను నలభై ఏండ్లు కలుపు తీసి పారేసిన గడ్డికి నువ్వు డాక్టరైతివా బిడ్డా?” అన్నది. తర్వాత లెక్చరర్ పోస్టు కోసం ఎదురుచూపు. ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు, ఇంకో కాలేజీలో ఆర్నెల్లు. హాస్టల్ గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. రెండు బడుల్లో అడిగితే, ఇంత చదివినవాళ్లు మా దగ్గర నిలవరని పంపేశారు. మూడోచోట, అంటే శ్యామలాంబగారి దగ్గర, దరఖాస్తులో ఎమ్మెస్సీ దాకానే రాసి ఊరుకుంది.

ఆ సంగతి బయటపడింది మొన్న ఆగస్టులో, మొక్కల వారంలో.

శ్యామలాంబగారు ప్రతి వారానికీ ఒక అంశం పెడతారు. అంతకుముందు వారం జంతువులు. ఆ సోమవారం పిల్లలు ఇళ్ల నుంచి ఖాళీ పెరుగు డబ్బాలు తెచ్చుకున్నారు. తడి దూది పరిచి, మెంతులు చల్లి, డబ్బా మీద ఎవరి పేరు వాళ్లు రాసుకున్నారు. కిట్టు గంటకోసారి గింజల్ని బయటికి తీసి, వేరు వచ్చిందేమోనని చూసి మళ్లీ పెట్టాడు. మంగళవారం ఆకులకు రంగు పూసి కాగితం మీద అద్దారు. గోడల మీద కూడా కొన్ని పడ్డాయి.

బుధవారం ‘గ’ అక్షరం. గడప, గాలి, గిన్నె అయ్యాక, పిల్లల్లో ఎవరో “గడ్డి” అన్నారు. భాగ్య బోర్డు వైపు తిరిగి గడ్డి పరక గీసింది. దాని చివర కంకి గీసింది. కంకిలోంచి ఒక్క పువ్వును పక్కన పెద్దదిగా గీసి, దాని పొట్టు, లోపలి పొర, పుప్పొడి తిత్తులు, ఈకల్లాంటి కొసలు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి గీసుకుంటూ పోయింది. క్లాసు ఎప్పుడు నిశ్శబ్దమైందో ఆమెకు తెలియదు.

“మిస్, అది పురుగా?” అని స్నిగ్ధ అడిగింది.

భాగ్య చేతిలో సుద్ద ఆగిపోయింది. “కాదమ్మా, గడ్డి పువ్వు” అని చెప్పి, బొమ్మ తుడిచింది. మళ్లీ పిల్లల వైపు తిరిగేసరికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, మనం తినే అన్నం కూడా ఒక రకం గడ్డి గింజేనని చెప్పింది. గోధుమలు, జొన్నలు, చెరకు కూడా గడ్డేనంది. పిల్లలు నమ్మలేదు. భోజనాల వేళ డబ్బాలు తెరిచి ఒకరి అన్నం ఒకరు అనుమానంగా చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే, క్లాసులోని ఆత్రేయ తాతగారు సుబ్బరాయుడు బడికి వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. నేరుగా శ్యామలాంబగారి ముందు కూర్చుని భాగ్యను పిలిపించారు.

“ఏం పాఠం చెప్పారో ఏమో గానీ అమ్మా, మావాడు నిన్న కంచం ముందు కూర్చుని, తాతయ్యా ఇది గడ్డి, నేను ఆవునా అని లేచిపోయాడు. పొద్దున ఇడ్లీ కూడా ముట్టలేదు. పిల్లలకు ఇలాంటివి చెప్పొచ్చా?”

“తప్పు చెప్పలేదండీ. వరి గడ్డి జాతే” అంది భాగ్య.

“అంటే నిజంగానే?”

“నిజంగానేనండీ.”

ఆయన కోపం కొంచెం తగ్గింది. మరి వెదురో అన్నారు. అదీ గడ్డే అంది. ఈతచెట్టో అన్నారు. కాదంది. ఎందుకు కాదో చెప్పింది. ఒకటి అడిగితే నాలుగు చెబుతోంది. రైలు పట్టాల కంకర మీద ఏ గడ్డి మొలుస్తుంది, నాలుగు వానలకు ఏది ముందు కంకి వేస్తుంది, పశువులు దేన్ని ముట్టవు. ఆమె మాట తీరు మారిపోయింది. శ్యామలాంబగారు కళ్లజోడు తీసి ఆమెనే చూస్తూ కూర్చున్నారు.

“మీరేం చదువుకున్నారమ్మా?” అన్నారు సుబ్బరాయుడు.

“బోటనీ అండీ.”

“ఎంతవరకు?”

భాగ్య తలుపు వైపు చూసింది. “పీహెచ్‌డీ” అంది.

ఆయన లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో ఆయనకే తెలిసినట్టు లేదు. మావాడికి నేనే నచ్చజెబుతాలెండి అని వెళ్లిపోయారు.

గదిలో ఇద్దరే మిగిలారు.

“నాకెందుకు చెప్పలేదు భాగ్యా?” అన్నారు శ్యామలాంబగారు.

“చెబితే ఉద్యోగం ఇవ్వరని భయమైంది మేడమ్. వద్దంటే ఈ నెలతో మానేస్తాను.”

“మానేయమని ఎవరన్నారు?” ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “రేపు పిల్లల్ని పార్కుకు అనుకున్నాం కదా. క్యాంపస్‌కు తీసుకెళ్లు. మీ డిపార్ట్‌మెంట్ దగ్గరికి” అన్నారు.

“పార్కే బాగుంటుంది మేడమ్.”

“పార్కులో ఏముంది? జారుడుబండ. క్యాంపస్‌కే వెళ్లు.”

శుక్రవారం వ్యాన్ డ్రైవర్ సామేలు పిల్లలందర్నీ ఎక్కించుకుని క్యాంపస్‌లోకి తిప్పాడు. భాగ్య ముందు సీట్లో ఒళ్లో బ్యాగు పట్టుకుని కూర్చుంది. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు అలాగే ఉన్నాయి. టీ బండి చోటు మారింది. డిపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో వానకు పెరిగిన గడ్డి పిల్లల నడుముదాకా ఉంది.

దిగగానే ఆమె రెండు కాడలు తెంపింది. “వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. ఏది గుండ్రంగా ఉంది?”

పిల్లలు తిప్పి చూశారు. ఒకటి నున్నగా తిరిగింది. రెండోది వేళ్లకు గుచ్చుకుంది.

“మిస్, దీనికి మూడు మూలలు ఉన్నాయి.”

“అది తుంగ. గడ్డిలా కనిపిస్తుంది గానీ గడ్డి కాదు.”

అంతే, పద్దెనిమిది మందీ గడ్డిలో పడి ప్రతి కాడనూ తిప్పడం మొదలుపెట్టారు. గరిక దొరికింది, ఊద దొరికింది, గుడ్డలకు అంటుకునే గడ్డి కిట్టు నిక్కరంతా పట్టేసింది. భాగ్య చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పదేళ్ల కిందట ఇదే స్థలంలో ఇలాగే కూర్చునేది.

“భాగ్యక్కా?”

దయాకర్. హాస్టల్ రోజుల్లో ఆమె జూనియర్. ఇప్పుడు అక్కడే గెస్ట్ లెక్చరర్. “ఎన్ని రోజులాయె అక్కా. నంబర్ కూడ మార్చినవు. ఏంది గీ పిల్లలంత?”

“నా క్లాసు” అంది భాగ్య.

అతను అందర్నీ లోపలికి తీసుకెళ్లాడు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అంటించి బీరువాల్లో దాచే గది అది. హెర్బేరియం అంటారు. కలరా ఉండల వాసన. దయాకర్ ఒక బీరువా తెరిచి అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఒక సన్నటి గడ్డి మొక్క, వేళ్లతో సహా. కింద కుడివైపు చీటీ మీద ఆమె చేతిరాత. లాలాపేట్, రైలు పట్టాల పక్కన. సేకరించినది: భాగ్య.

“మిస్, మీ పేరు” అన్నాడు ఆత్రేయ. ఆ వారమే పేర్లు చదవడం వచ్చింది వాడికి.

స్నిగ్ధ బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూసింది. “మిస్, మీరు ఇక్కడ ఉండేవాళ్లా?”

“ఉండేదాన్ని.”

“మరి ఎందుకు వచ్చేశారు?”

భాగ్య అట్టను బల్ల మీద సరిచేసింది. “టైమైపోయిందమ్మా” అంది. స్నిగ్ధకు అది సరిపోయింది. బడికి కూడా గంట కొడితే వచ్చేస్తాం కదా అన్నట్టు తల ఊపింది.

వెళ్లేముందు దయాకర్ అన్నాడు: “అక్కా, పాత అట్టలన్ని ఫొటోలు తీసి కంప్యూటర్‌ల పెడుతున్నం. గడ్డి బీరువల సగానికి పేర్లు లెవ్వు. గుర్తుపట్టెటోళ్లు ఇక్కడ లేరు. శనివారాలు వస్తవా? పైసలైతే ఇయ్యలేం.”

“చూస్తా” అంది.

ఇంటికొచ్చాక ఆ మాట తల్లికి చెబితే, సారలమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు. “పోతే మళ్ల మనసు అక్కడ్నే ఉంటది. సోమవారం పిల్లల కాడికి ఎట్ల వస్తవు?” అన్నది. ఏరిన రాళ్లు బయట పారేసొచ్చి తనే, “పో. పోకున్నా అక్కడ్నే ఉంటివి గద నాలుగేండ్ల సంది” అన్నది.

శనివారం భాగ్య క్యాంపస్ బస్సు ఎక్కింది. పొద్దున పదింటి నుంచి భూతద్దం పట్టుకుని కూర్చుని, నలభై ఒక్క అట్టలకు పేర్లు రాసింది. మధ్యాహ్నం తినడం మరిచిపోయింది. తనకు తెలియకుండానే చిన్నగా పాడుకుంటోందని దయాకర్ చెబితే గానీ గమనించలేదు.

సాయంత్రం బయటికొచ్చేసరికి స్కాలర్లు పుస్తకాలు పట్టుకుని గుంపులుగా పోతున్నారు. ఒకమ్మాయి ఆమె దగ్గర ఆగింది.

“అక్కా, లైబ్రరీ ఎంతవరకు ఉంటది?”

“ఎనిమిది దాక” అంది భాగ్య వెంటనే. ఆ పిల్ల థాంక్స్ అక్కా అని పరుగెత్తింది. తను చెప్పింది నాలుగేళ్ల కిందటి టైమని భాగ్యకు అప్పుడు తట్టింది. తప్పు చెప్పానేమోనని తనూ వెనకే నడిచింది.

లైబ్రరీ తెరిచే ఉంది. లోపల లైట్లు వెలుగుతున్నాయి. గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి కుర్చీలోంచి లేచి, “కార్డు ఉందా మేడమ్?” అని మర్యాదగానే అడిగాడు.

“లేదు” అంది. అతను అడ్డం తొలగలేదు, పొమ్మనీ అనలేదు. అద్దం తలుపులోంచి పొడుగాటి బల్లలు కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి ఫ్యాన్ కింద చోటు చూసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంటోంది. ఆమె పుస్తకం తెరిచేదాకా భాగ్య అక్కడే నిలబడింది.