కత్తెర పాలైన కథ

ఆ దర్జీ కొట్లో నోరు ఆవిడది, కత్తెర ఆయనది. మొగుడు బట్ట కత్తిరించి కుడితే, పెళ్ళాం కాజాలు తీసి గుండీలు వేస్తుంది. కాస్త తీరిక దొరికిందా, కథ రాసుకుంటుంది. తెల్లకాగితం ముందు కూర్చుంటే మాత్రం పరీక్ష రాస్తున్నట్టు చెయ్యి బిగుసుకుపోతుంది. అందుకని, కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీదే రాసేది. ఎలాగూ పారేసేదే కదా, తప్పు రాస్తే ఏం పోయింది?

ఇప్పుడు రాస్తున్న కథలో, అలిగి వెళ్ళిపోయిన అక్క ఏళ్ళ తర్వాత వచ్చి తలుపు కొడుతుంది. లోపల చెల్లెలుంది. తీస్తుందా, తియ్యదా? అక్కడికొచ్చేసరికి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చేది. రాయడం, కొట్టెయ్యడం. పత్రిక పోటీకి గడువేమో ఆ సాయంత్రమే. ఒక్కసారైనా తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. ఇక లాభం లేదని పొద్దున్నే కూర్చుని తలుపు తీయించేసింది, అక్కాచెల్లెళ్ళిద్దరూ కావలించుకుని ఏడ్చినట్టు రాసేసింది. హమ్మయ్య అనుకుని, సాపు రాయడానికి మంచి కాగితాలూ కవరూ కొనడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఏముంది! రాతవైపు కిందికి ఉండటంతో, ఆ మహానుభావుడు కథను శుభ్రంగా చొక్కా చేతులుగానూ కాలరుగానూ కత్తిరించి పెట్టాడు.

"నీ కత్తెర మండిపోనూ! నా కథయ్యా అది!"

ఆయన కత్తెర కింద పెట్టేశాడు. "నాకేం తెలుసే? ఖాకీ కాగితం కనపడితే కత్తిరించడమేగా నా పని!"

గబగబా ముక్కలన్నీ ఏరి, గుడ్డ మీద పరిచి గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టాడు. చంక దగ్గర తీసేసిన ముక్క మాత్రం అప్పటికే చెత్తబండి ఎక్కి వెళ్ళిపోయింది. కథ ముగింపు ఉన్నది దానిమీదే.

ఆయన ఎన్నడూ కథల జోలికి పోయిన మనిషి కాదు. కానీ ముక్కలు జతచెయ్యాలంటే చదవక తప్పదు కదా. వేలు పెట్టుకుని చదువుతూ చదువుతూ, సూది పట్టుకునే ఆగిపోయాడు.

"ఏమే, ఇంతకీ ఆ పిల్ల తలుపు తీసిందా?"

"తీసింది, ఇద్దరూ..." అనబోయి ఆవిడ ఆగింది. ఆయన మొహం చూస్తూ ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. గడువు కోసం అల్లిన అబద్ధం అది. ఆ చెల్లెలు అంత తేలిగ్గా తీసే రకం కాదని తనకు తెలీదూ?

"తెలీదయ్యా."

"రాసినదానివి, నీకు తెలీకపోవడమేంటి?"

"ముందు అక్క ఏమంటుందో విననీ."

ఆయన గోడ గడియారం వంక చూశాడు. "మరి గడువో? ఏదో ఒకటి రాసెయ్యవే, నేను పరిగెత్తుకెళ్ళి ఇచ్చొస్తా."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు అచ్చులో రాకపోతే బాధ కాదూ మరి! "ఏదో ఒకటి వద్దులే" అంది చివరికి.

కొత్త ఖాకీ కాగితం పరుచుకుంది. అక్కచేత ఒక మాట అనిపించింది, నచ్చక కొట్టేసింది, ఇంకోటి రాసి ఫక్కున నవ్వింది. గడువు తరిమినన్నాళ్ళూ ఈ సుఖమంతా ఎక్కడికి పోయిందో! ఆయన మిషను వదిలేసి, పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"ఏమందే?"

"ఉండవయ్యా, చెల్లెలు ఇంకా తలుపు గడియ దగ్గరికే రాలేదు."